ఆ సీసాలు నావే

హోసియా లెద్వాబాకి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. ఫినియస్ సెలోమా సాక్సోఫోన్ రికార్డు ఎక్కడ మోగుతున్నా సరే, అందులో సీసాలు పడిన చప్పుడు రాగానే ఆయన లేచి నిలబడతాడు. టోపీ తీసి గుండెకి ఆనించుకుంటాడు. "ఆ సీసాలు నావే" అంటాడు. మళ్లీ టోపీ పెట్టుకుని కూర్చుంటాడు. మిగతా అన్ని విషయాల్లోనూ మంచీ మర్యాదా తెలిసిన మనిషి. బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు, పొద్దున్నే చర్చికి వెళ్తాడు, తాగితే రెండు సీసాల దగ్గర ఆగుతాడు. ఈ ఒక్కటీ లేకపోతే ఆయన గురించి చెప్పుకోవడానికి ప్రిటోరియా పక్కనున్న మా మామెలోడీలో ఎవరికీ ఏమీ ఉండేది కాదు.

ఆ రికార్డు సంగతి ఇక్కడ పాలు తాగే పిల్లలక్కూడా తెలుసు. సెలోమా మావాడే, స్టేషను వెనక వీధిలో పుట్టాడు. స్టూడియోలో వాయిస్తే నాలుగు నిమిషాల్లో ముగించేవాడు గానీ, మనుషుల ముందు వాయిస్తే మాత్రం ఎప్పుడు ముగిస్తాడో ఆయనకే తెలిసేది కాదు. ఒక ఆదివారం మధ్యాహ్నం చర్చి హాల్లో జనం మధ్య వాయిస్తుండగా ఈ రికార్డు తీశారు. ఒక వైపంతా ఒకటే పాట. పాట అనడం కూడా మర్యాదకే. మొదట కాసేపు అందరికీ తెలిసిన పెళ్లిపాట వరస వాయించి, అక్కణ్నుంచి దాన్ని గాలికొదిలేసి, ఆ క్షణానికి ఏది తోస్తే అది అల్లుకుంటూ పోయాడు. డ్రమ్ములవాడూ బేసువాడూ తప్పిపోయిన మేకని వెతుక్కుంటూ పోయినట్టు వెనకాలే పోయారు. పోగా పోగా ఒక చోట వాళ్లు కూడా ఆగిపోయారు. సెలోమా ఒక్కడే మిగిలాడు. స్వరాన్ని సన్నం చేశాడు, ఇంకా సన్నం చేశాడు. హాలంతా ఊపిరి బిగబట్టింది. సరిగ్గా అప్పుడు, హాలు వెనక మనిషెత్తున పేర్చిన ఖాళీ బీరు సీసాల పెట్టెలు ధనధనా కూలిపోయాయి.

సెలోమా అలాంటివి భరించే మనిషి కాదు. అంతకు ముందేడు ఇంకో ఊళ్లో ఎవరో కుర్చీ కిర్రుమనిపించారని సాక్సోఫోన్ పెట్టెలో పెట్టుకుని బయటికి నడిచాడు, మళ్లీ ఆ ఊరి మొహం చూడలేదు. ఈసారి మాత్రం ఒక్క ఊపిరి సేపు ఆగాడు. ఆగి, ఆ సీసాల చప్పుడునే వాయించాడు. అదే గలగల, అదే దొర్లుడు, చివర్లో ఒక సీసా ఒంటరిగా గుండ్రంగా తిరిగి తిరిగి ఆగడం కూడా వాయించాడు. అక్కణ్నుంచి పాట ఇంకో దారి పట్టి, రికార్డు అయిపోయేదాకా వెనక్కి రాలేదు. మామెలోడీలో సగంమంది ఆ చప్పుడు వల్లే ఆ రికార్డు అంత గొప్పదయిందంటారు. మిగతా సగంమంది ఆ పెట్టెలు పడేసినవాణ్ని తలకిందులుగా వేలాడదీయాలంటారు. రెండు పక్షాలవాళ్లకీ లెద్వాబా ఒకే విధంగా టోపీ తీస్తాడు.

ఈ పిచ్చి వల్ల అందరికంటే ఎక్కువ అవస్థ పడింది ఆయన మేనకోడలు పులానే. తల్లి ప్రిటోరియాలో దొరల ఇళ్లలో పనికి ఉండిపోతే, ఈ పిల్ల మామ దగ్గరే పెరిగింది. చిన్నప్పుడు మామతో బజారుకి వెళ్లాలంటే ముందు వీధిలో ఎవరింట్లోనైనా ఆ రికార్డు మోగుతోందేమో చెవి ఒగ్గి వినేది. ఒకసారి మామ తోలే బస్సులోనే, ముందు సీటు మనిషి ఒళ్లో పెట్టుకున్న రేడియోలో ఆ పాట వచ్చింది. మామ బస్సుని మెల్లగా రోడ్డు పక్కకి తీసి, బ్రేకు వేసి, లేచి టోపీ తీశాడు. పనికి ఆలస్యమైపోతోందని బస్సంతా గోలగోల. అంతలో తనిఖీ చేసే ఆయన ఎక్కి ఏమైంది, బస్సు చెడిందా అని అడిగాడు. లేదండీ, సీసాలు పడ్డాయి అన్నాడు లెద్వాబా. ఆ పెద్దమనిషి వంగి సీట్ల కిందంతా వెతికి, దిగిపోయాడు.

పులానే పెళ్లి మాటలప్పుడు ఇంకా అన్యాయం జరిగింది. మగపెళ్లివారు వచ్చి చాప మీద కూర్చున్నారు. తెచ్చిన బీరు సీసాలు మధ్యలో పెట్టారు. ఇరుపక్షాల పెద్దలూ నోరు విప్పేముందు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఉండగా, పక్కింటివాళ్లు రికార్డు పెట్టారు. లెద్వాబా లేచాడు, టోపీ తీశాడు, "ఆ సీసాలు నావే" అని కూర్చున్నాడు. మగపెళ్లివారు కాసేపు గుసగుసలాడుకుని, ఈ మామ మహా గట్టివాడు, మొదటి మాటే ఇలా ఉంటే ముందు ముందు ఎలా ఉంటుందో అనుకుని, సీసాలన్నీ ఆయన ముందుకి జరిపారు. ఆ తర్వాత వాళ్లు ఇవ్వాల్సిన కన్యాశుల్కం దగ్గర కూడా బేరం ఆడలేదు. పులానే మొగుడు ఇప్పటికీ మామగారి ఎదురుగా ఏ వస్తువూ కింద పెట్టడు.

ఇక ఆదివారం సంఘం గురించి చెప్పాలి. ప్రతి ఆదివారం మధ్యాహ్నం మసెమోలా మాస్టారి గ్యారేజీలో కారు బయట పెట్టి, కుర్చీలు వేసి, జాజ్ రికార్డులు వింటారు. వినడమంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు. మావాళ్లు కాళ్లతో వింటారు. వాయించేవాడు ఒంటరిగా అల్లడం మొదలుపెట్టగానే ఒక్కొక్కరే మధ్యలోకి వచ్చి, ప్రతి స్వరానికీ ఒక అడుగు వేస్తూ నర్తిస్తారు. అందుకని వారమంతా చిరిగిన చొక్కాతో తిరిగినా ఆదివారం మాత్రం ఇస్త్రీ సూటు, పక్షి ఈక పెట్టిన టోపీ, తెలుపూ నలుపూ రెండు రంగుల తోలు బూట్లు ఉండాల్సిందే. మనిషి గౌరవమంతా ఆ బూట్లలోనే ఉంటుంది.

మసెమోలా మాస్టారు హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. పొడుగాటి మనిషి, పొడుగాటి పాదాలు. సంఘం పెట్టిందీ ఆయనే, మొదటి రోజు నుంచీ అధ్యక్షుడూ ఆయనే. ఆయన పెట్టిన నియమం ఒకటే. ఒంటరి వాయిద్యం సాగుతుండగా ఎవరు చప్పుడు చేసినా బూట్లు విప్పి, ఆ రికార్డు అయ్యేదాకా మేజోళ్లతో కూర్చోవాలి. నర్తించడానికి వీల్లేదు. దర్జీ మొపాయి తుమ్మినందుకు విప్పాడు. ఇంకో ఊరి నుంచి చుట్టపుచూపుగా వచ్చినాయన కడుపు గురగురలాడితే, కడుపు చప్పుడు మనిషి చప్పుడు కిందికి వస్తుందా రాదా అని పెద్ద వాదన జరిగింది. కడుపు ఎవరిది, ఆయనదే కదా అన్నారు మాస్టారు. ఆయన కూడా విప్పాడు. పక్కింటి కుక్క ఆదివారం మధ్యాహ్నం మొరగడం మానేసింది. ఇన్నేళ్లలో అందరి మేజోళ్లూ అందరూ చూశారు గానీ మాస్టారివి మాత్రం ఎవరూ చూడలేదు.

సెలోమా రికార్డు పెట్టబోతుంటే చాలు, లెద్వాబా ఎవరూ అడక్కుండానే వంగి బూట్లు విప్పేసేవాడు. రికార్డులో పాత నేరం ఉంది కాబట్టి శిక్ష ముందే చెల్లించేస్తున్నానని ఆయన లెక్క. చప్పుడు రాగానే మేజోళ్ల మీద లేచేవాడు. మాస్టారు కూడా శిక్ష చెప్పడానికి కుర్చీలోంచి సగం లేచేవారు. అప్పటికే లెద్వాబా నిలబడి ఉండటం చూసి, ఏమీ అనకుండా మళ్లీ కూర్చునేవారు. ముప్పై ఏళ్లుగా ఇదే తంతు. కనీసం నోరు తెరిచే పని కూడా అధ్యక్షుడికి మిగల్చడని అందరూ నవ్వుకునేవాళ్లు.

ఇలా అందరి ముందూ పాదాలు చూపించుకోవాల్సి రావడం వల్ల లెద్వాబా మేజోళ్ల విషయంలో మామెలోడీలోకెల్లా షోకైన మనిషి అయ్యాడు. పచ్చవి, చారలవి, నెమలిరంగువి, చుక్కలవి. వాటిని కుట్టే పని పులానేది. ఆమెకి ఒక్కటే అర్థమయ్యేది కాదు. ప్రతి జతకీ బొటనవేలి దగ్గరే చిల్లు పడేది, మడమ మాత్రం కొత్తగానే ఉండేది. ఒక ఆదివారం వంటపాత్ర ఇవ్వడానికి గ్యారేజీకి వెళ్లి చూసింది. సెలోమా వాయిస్తున్నాడు, మిగతావాళ్లు మధ్యలో నర్తిస్తున్నారు, మామ కుర్చీలో బుద్ధిగా కూర్చున్నాడు. మేజోళ్ల లోపల పదివేళ్లూ మాత్రం ఒక్క స్వరం వదలకుండా ఆడుతున్నాయి. అంత ఇష్టమైన రికార్డుకి ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా లేచి అడుగు వేయలేదు మామ. ఆ రోజు ఇంటికొచ్చి ఆమె ఆ చిల్లు రెండు పొరలుగా కుట్టింది.

ఇంకో విడ్డూరం ఏమిటంటే, సూటు ఎడమ జేబులో ఎప్పుడూ ఒక కొత్త మేజోళ్ల జత ఉండేది. ముదురు ద్రాక్షరంగు, మేలురకం ఊలు. సూటు ఉతకడానికి తీసినప్పుడల్లా పులానే దాన్ని తీసి పక్కన పెట్టేది, ఆయన మళ్లీ జేబులో పెట్టుకునేవాడు. చిమ్మెట కొడితే కొత్తది కొనేవాడు. పైగా అవి ఆయన పాదాలకి రెండు సైజులు పెద్దవి. ఎందుకు మామా ఇవి అంటే, అవసరపడొచ్చు అనేవాడు.

మామ భార్య పోయింది, ఉద్యోగమూ అయిపోయింది. మామకి మిగిలింది ఈ ఆదివారమూ, ఈ సీసాలూ. వీధిలో కొత్తగా వచ్చినవాళ్లకి ఎవరైనా ఆయన్ని చూపించాల్సి వస్తే, సెలోమా రికార్డులో సీసాలు పడేసింది ఈయనే అని చెప్పేవాళ్లు. ఆయన టోపీ తాకేవాడు. అది చూసి పులానే కూడా ఎప్పుడో తిట్టుకోవడం మానేసింది.

అలాంటి సమయంలో జోహన్నెస్‌బర్గ్ నుంచి ల్వాజీ అనే అతను వచ్చాడు. పాత రికార్డులు శుభ్రం చేసి కొత్తగా అచ్చువేసే పని అతనిది. సన్నగా, మర్యాదగా, పెద్దవాళ్లని చూస్తే రెండు చేతులూ కలిపి మాట్లాడే మనిషి. ఆదివారం సంఘంలో లేచి, సెలోమా రికార్డు మళ్లీ తెస్తున్నామని చెప్పాడు. గ్యారేజీ అంతా చప్పట్లు. ఇప్పుడు మంచి యంత్రాలు వచ్చాయనీ, గీతలూ గరగరలూ అన్నీ పోతాయనీ చెప్పాడు. మళ్లీ చప్పట్లు. చివర్లో సంతోషంగా, "ఆ సీసాల చప్పుడు కూడా తీసేయొచ్చండీ, అసలు పడ్డట్టే తెలీదు" అన్నాడు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ లెద్వాబా వైపు తిరిగారు. పేగుల కూర గిన్నె పట్టుకుని పులానే గుమ్మంలో నిలబడి ఉంది. గిన్నె అక్కడే పెట్టేసి లోపలికి వచ్చింది.

"ఏమయ్యా, ఆ చప్పుడు తీసేస్తే తర్వాత సెలోమా దేనికి జవాబిస్తున్నట్టు? ఎవరూ పిలవకుండానే పలికినట్టు ఉండదూ?" అంది.

ల్వాజీ తల గోక్కున్నాడు. అది నిజమే గానీ, కొత్తగా వినేవాళ్లు రికార్డు పాడైందనుకుంటారేమో అన్నాడు. మాస్టారు ఏదో అనబోయి ఆగిపోయారు. అప్పుడు లెద్వాబా లేచి, నిదానంగా, "తీసేయండి నాయనా. సీసాలు నావే, నాకేం అభ్యంతరం లేదు" అన్నాడు. ఆ మాటకి పులానేకి ఒళ్లు మండింది. ముప్పై ఏళ్లు తన పరువు తీసిన సీసాల్ని ఈ మనిషి ఇంత తేలిగ్గా వదిలేస్తాడా?

ల్వాజీ ఊరట పడ్డాడు. ఇంకో మంచి కబురు కూడా ఉందన్నాడు. అప్పట్లో వేదిక మీద మైకులే కాకుండా, చప్పట్ల కోసమని హాలు వెనక గుమ్మం పైన ఇంకో మైకు కట్టారట. ఆ మైకు టేపు చుట్ట వేరేగా ఉండిపోయిందట, ఇన్నాళ్లూ ఎవరూ వినలేదట. అది ఈమధ్యే దొరికింది, వచ్చే ఆదివారం తెచ్చి అందరికీ వినిపిస్తానన్నాడు.

లెద్వాబా చేతిలోంచి టోపీ కింద పడింది. ఇన్నేళ్లలో ఆయన టోపీ నేలకి తగలడం ఎవరూ చూడలేదు.

పులానేని తీసుకుని మామ ఇంటికి బయలుదేరాడు. ఇంటి గేటు దగ్గర ఆగి అడిగాడు.

"పులానే, ఆ జోహన్నెస్‌బర్గ్ కుర్రాడికి వచ్చే ఆదివారం ఒక్క పూట కడుపునొప్పి వచ్చేలా మీ ఆసుపత్రిలో మందేమైనా ఉంటుందా?"

"నేను నర్సుని మామా. నొప్పులు తగ్గించే మందులే ఇస్తాం."

"రెండూ ఒకే బీరువాలో ఉంటాయి కదే."

"సీసాలు తీసేస్తానంటే నోరెత్తలేదు. వినిపిస్తానంటే ఎందుకంత భయం?"

"తీసేస్తే పీడా పోతుంది. వింటేనే వస్తుంది చిక్కు" అని లోపలికి వెళ్లిపోయాడు. పులానేకి ఆ మాట ముందూ వెనకా తెలియలేదు. ఆమెకి తెలిసిందల్లా మామకి మిగిలిన ఒక్క గౌరవం పోబోతోందని, దాన్ని తాను కాపాడాలని. వచ్చే ఆదివారం తానూ వెళ్లి, సీసాలు ఉండాల్సిందేనని పట్టుబట్టాలని నిశ్చయించుకుంది.

ఆ ఆదివారం లెద్వాబా చేయని ప్రయత్నం లేదు. ల్వాజీ కారు దిగకముందే ఎదురెళ్లి, దూరం నుంచి వచ్చావు, ముందు తినాలన్నాడు. మొక్కజొన్న సంకటి మూడుసార్లు వడ్డించాడు, అల్లం పానకం ముంత నింపాడు, పేగుల కూర అతను వద్దన్న కొద్దీ వేశాడు. ఆసుపత్రి ఇవ్వనన్న కడుపునొప్పిని వంటింటి దారిలో తెప్పించాలని చూస్తున్నాడని పులానేకి అర్థమైంది. ల్వాజీ అన్నీ తిని, చేతులు కడుక్కుని, చాలా బాగుందని ఇంకొంచెం అడిగాడు. ఆ తర్వాత లెద్వాబా తన వంతు రికార్డు పెట్టాడు. అదయ్యాక రెండో వైపు కూడా పెట్టాడు. అదీ అయ్యాక వెళ్లి కరెంటు ప్లగ్గు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నలుగురు కలిసి కుర్చీతో సహా ఎత్తి పక్కకి పెట్టాల్సి వచ్చింది.

మాస్టారు మాత్రం తేలు కుట్టిన దొంగలా ఓ మూల కూర్చున్నారు. ఆ రోజు ఎవరో దగ్గినా పట్టించుకోలేదు. టేపు పెట్టమంటారా అని ల్వాజీ అడిగితే, అందరూ లెద్వాబా వైపు చూస్తుండగా, మాస్టారే అన్నారు.

"పెట్టు నాయనా."

"మాస్టారూ, కొంచెం ఆలోచించండి" అన్నాడు లెద్వాబా.

"ముప్పై ఏళ్లు ఆలోచించాను. పెట్టు."

టేపు తిరిగింది. వెనక మైకు కాబట్టి సాక్సోఫోన్ దూరంగా, జనం దగ్గరగా వినిపించారు. ఎవరో పిల్లకి ముక్కు తుడవడం, ఎవరో వేడిగా ఉందనడం. సెలోమా అల్లుకుంటూ అల్లుకుంటూ వెళ్లి ఆ సన్నటి చోటికి చేరాడు. గ్యారేజీలో ఊపిరులు ఆగాయి. లెద్వాబా అలవాటుగా బూట్లు విప్పేసి ఉన్నాడు. అప్పుడు మైకుకి బాగా దగ్గరగా, రికార్డులో ఎప్పుడూ లేని చప్పుడు ఒకటి వచ్చింది. ఎవరో దొంగతనంగా బీరు సీసా మూత తీశారు. బుస్సుమంది. ఆ వెంటనే కోపంగా మునివేళ్ల మీద నడిచొచ్చే అడుగులు, పెద్ద పాదాలవి. ఆ తర్వాత పెట్టెలు కూలాయి. అవి మాత్రం అందరికీ తెలిసిన పెట్టెలే.

సెలోమా ఆగిన ఆ ఒక్క ఊపిరిలో, టేపు మీద ఒక పడుచు గొంతు వణికింది.

"అయ్యో. నేనే. నా మోచెయ్యి తగిలింది. ఇప్పుడెలా?"

రెండో గొంతు కూడా పడుచుదే గానీ అందరూ గుర్తుపట్టారు.

"కూర్చోండి మాస్టారూ. మీరు లేవకండి. నేను లేస్తాను."

ఆ తర్వాత సాక్సోఫోన్ సీసాల్లా మోగింది. దాని మీదుగా, హాలంతా వినపడేలా అదే గొంతు అరిచింది. "ఆ సీసాలు నావే!"

గ్యారేజీలో ఎవరూ కదల్లేదు. అలవాటు కొద్దీ లేచి నిలబడ్డ లెద్వాబా టోపీ గుండెకి ఆనించుకుని అలాగే ఉండిపోయాడు. ఈసారి మాస్టారు కూడా సగంలో ఆగలేదు. పూర్తిగా లేచారు. ల్వాజీ టేపు ఆపేశాడు.

కంచే చేను మేసిందన్నమాట అని దర్జీ మొపాయి మెల్లగా అన్నాడు. తుమ్మినందుకు తాను మేజోళ్లతో కూర్చున్న ఆదివారం ఆయనకింకా గుర్తుంది.

మాస్టారు కాదనలేదు. ఆ రోజు జరిగింది బడిలో పాఠం చెప్పినట్టు వరసగా చెప్పారు. అప్పటికి ఆయన ఈ ఊరికి కొత్త, ఉద్యోగమూ కొత్త. సెలోమా ఇంటికి పదేపదే తిరిగి, చీమ చిటుక్కుమన్నా ఒప్పుకోనని మాటిచ్చి ఒప్పించారు. వేదికెక్కి, చప్పుడు చేసినవాడు బూట్లు విప్పి ఊరందరి ముందూ కూర్చోవాలని ప్రకటించిందీ ఆయనే. వెనక ఎవడో సీసా తెరిస్తే, వాణ్ని నోరు మూయించడానికి మునివేళ్ల మీద పరుగెత్తారు. పెట్టెలు అక్కడున్నాయని చీకట్లో చూసుకోలేదు.

"ఆ రోజు భయపడి నోరు మూసుకున్నాను. మర్నాటి నుంచి సిగ్గుపడి మూసుకున్నాను. తర్వాత బుద్ధి తెచ్చుకుని, రికార్డు పెట్టిన ప్రతిసారీ ఈసారి లేచి చెప్పేయాలి అనుకుంటాను. సగం లేస్తాను. అప్పటికే ఈయన లేచి నిలబడి ఉంటాడు" అన్నారు మాస్టారు.

అప్పుడు అందరికీ ఒక్కసారిగా తెలిసింది. అధ్యక్షుడు అన్నేళ్లూ లేవబోయింది శిక్ష వేయడానికి కాదు. ముప్పై ఏళ్లుగా ఆదివారం ఆదివారం ఈ గ్యారేజీలో ఇద్దరు మనుషులు లేవడంలో పందెం వేసుకుంటున్నారు. ఒకే మనిషి గెలుస్తున్నాడు.

పులానే మామ దగ్గరికి వెళ్లింది. నవ్వాలో తిట్టాలో ఆమెకి తెలియలేదు.

"సరే, ఇక్కడ లేచావు. బస్సులో ఎందుకు లేచావు మామా? నా పెళ్లిమాటల్లో ఎందుకు లేచావు? అక్కడ మాస్టారు లేరుగా?"

"అలవాటు తప్పితే కాళ్లు మొద్దుబారతాయే. ఆయన నాకంటే పొడుగు, నాకంటే చిన్న. రోజూ సాధన లేకపోతే నేను ఓడిపోనూ?"

"అసలు నీకెందుకు ఈ కర్మ?"

లెద్వాబా టోపీ అంచు సవరించుకున్నాడు. అంత చిన్న విషయం ఎందుకు అడుగుతున్నారో తెలియనట్టు చెప్పాడు. "బడి పిల్లలు ఊరుకుంటారా? ఆయన బోర్డు వైపు తిరిగితే చాలు, వెనక సీసాలు మోగించేవాళ్లు. ఇక ఆయన పాఠం చెప్పినట్టే. నా బస్సులో ఎవడు మోగించుకుంటే నాకేం, ఇంజను చప్పుడుకి వినపడదు."

ఆ గ్యారేజీలో ఉన్నవాళ్లలో చాలామంది మాస్టారి దగ్గర చదువుకున్నవాళ్లే. పులానే కూడా. మామని తిట్టాలనుకున్న మాటలన్నీ మరిచిపోయింది.

మాస్టారు కుర్చీలో కూర్చుని వంగి బూట్ల తాళ్లు విప్పడం మొదలుపెట్టారు. నియమం నియమమే కదా. గ్యారేజీ అంతా మెడలు సాచింది. ఇన్నేళ్లుగా ఎవరూ చూడని మేజోళ్లు. ఎడమ బూటు ఊడింది, లోపల నల్లది. కుడి బూటు ఊడింది, లోపల గోధుమరంగుది, దాంట్లోంచి బొటనవేలు పూర్తిగా బయటికొచ్చి అందర్నీ చూసింది. మాస్టారు భార్య పోయి చాలాకాలమైంది, ఆ ఇంట్లో కుట్టేవాళ్లు లేరు.

ఎవరూ నవ్వకముందే లెద్వాబా సూటు ఎడమ జేబులో చెయ్యి పెట్టాడు. ద్రాక్షరంగు జత తీసి, దులిపి, మాస్టారి ఒళ్లో పెట్టాడు.

"ఏనాడైనా మీరు నాకంటే ముందు లేస్తారేమోనని జేబులో ఉంచాను. నలుగురిలో ఇబ్బంది పడకూడదు కదా" అన్నాడు.

మాస్టారు వాటిని తొడుక్కున్నారు. సరిగ్గా సరిపోయాయి. పాదాలు అటూ ఇటూ తిప్పి చూసుకుని, చాలాసేపు తల ఎత్తలేదు. ఎత్తాక మాత్రం హెడ్మాస్టరు గొంతుతోనే మాట్లాడారు.

"లెద్వాబా, బూట్లు వేసుకో."

"రికార్డు పెడతారేమోనని విప్పానండీ."

"పెడతాను కాబట్టే వేసుకోమంటున్నాను. ఇక్కడ శిక్ష ఉన్నవాడు కూర్చుంటాడు. లేనివాడు నర్తిస్తాడు."

లెద్వాబా ఆయన మొహం కేసి చూశాడు. తర్వాత వంగి, తెలుపూ నలుపూ బూట్లు తొడుక్కుని, తాళ్లు కట్టుకున్నాడు. ఆయన మొదటిది ముడి వేసేలోపే పులానే మోకాళ్ల మీద కూర్చుని రెండో బూటు కట్టింది. మాస్టారు స్వయంగా పాత రికార్డు తీసి, తుడిచి, ముల్లు పెట్టారు.

మొదట పెళ్లిపాట వరస వచ్చింది. లెద్వాబా కదల్లేదు. సెలోమా దాన్ని వదిలేసి పక్కదారి పట్టగానే ఆయన మధ్యలోకి వచ్చాడు. బస్సు తోలి తోలి అరిగిన మోకాళ్లు, అరవై దాటిన ఒళ్లు. అయినా ఆ కాళ్లకి ఆ దారంతా తెలుసు. ఎక్కడ మలుపు, ఎక్కడ గతుకు, ఎక్కడ ఊరికే నిలబడి ఊపిరి తీసుకోవాలి, అన్నీ తెలుసు. సెలోమా ఏం చేయబోతున్నాడో ఒక్క క్షణం ముందే బూటు కొనకి తెలిసిపోతోంది. మేజోళ్ల లోపల వేళ్లతో నేర్చుకున్నదంతా ఇప్పుడు బూట్లతో సిమెంటు నేల మీద చప్పుడవుతోంది. ఒక్కరూ ఆయన పక్కన అడుగు వేయలేదు. పులానే చేతులు కట్టుకుని చూస్తూ, ఏడుపొస్తుందేమో అనుకుంది గానీ, మామ మొహంలో ఉన్న గాంభీర్యం చూసేసరికి నవ్వే వచ్చింది.

స్వరం సన్నబడింది. లెద్వాబా ఒంటికాలి మీద ఆగాడు, కొంగలాగా. పెట్టెలు కూలాయి.

మాస్టారు ద్రాక్షరంగు మేజోళ్ల మీద నిటారుగా లేచి నిలబడ్డారు. టోపీ తీసి గుండెకి ఆనించుకున్నారు. "ఆ సీసాలు నావే" అన్నారు.

లెద్వాబా కాలు దించలేదు. నేల మీదే చూపు పెట్టి, "మూత తీసింది మాత్రం నేనే" అన్నాడు. సాక్సోఫోన్ సీసాల్లా మోగింది, కాలు దిగింది.

కొత్త రికార్డులో చప్పుడు తీయలేదు. మూత తీసిన బుస్సు కూడా కలుపుతానని ల్వాజీ అంటే, ఇద్దరూ కూడబలుక్కుని వద్దన్నారు. ఇప్పుడు సంఘంలో ఆ రికార్డు పెట్టినప్పుడు మాస్టారు బూట్లు విప్పుకుని కూర్చుంటారు. లెద్వాబా జేబులో మాత్రం ఇంకా ఒక జత ఉంటుంది, ఈసారి పచ్చది, అదీ రెండు సైజులు పెద్దదే. మాస్టారివి ఎప్పుడు చిరుగుతాయో చెప్పలేం కదా అంటాడు. పులానే ఇప్పుడు ఆదివారం రాత్రుళ్లు మామ మేజోళ్లు కుట్టడం లేదు. సోమవారం పొద్దున్నే ఆయన బూట్లు చెప్పులు కుట్టే అతని దగ్గరికి తీసుకెళ్తోంది.